వాసనయు వలపును: హాలుని గాథలయందలి పుష్పకథలు

తెలుఁగున 'వాసన' యనఁగా గంధము. సంస్కృతమున 'వాసనా' శబ్దమునకు శాస్త్రములయందుఁ బ్రసిద్ధమైన యర్థము వేఱు. పూర్వానుభవము చిత్తమునందు నిలిపిపోయిన సంస్కారమే యచట వాసన. చురాదిగణమునందలి వాసధాతువునకు స్వార్థమున ణిచ్చు చేరఁగా, దానిపై స్త్రీలింగమున యుచ్‌ప్రత్యయము వచ్చి యీ శబ్ద మేర్పడినది. ద్రవ్యమునకుఁ బరిమళముఁ బట్టించుటను దెలుపు మాట మనస్సునకు ననుభవముఁ బట్టించుటకును జెల్లినది. పూవులతోఁ గలిపి యుంచిన నువ్వులు పూవులు తీసివేసిన పిదపఁ గూడఁ దావిని విడువవు. గడచిన యనుభవమును మనస్సట్లే విడువదు. ఇఁక నచ్చతెలుఁగు 'వలపు' శబ్దమును జూడుఁడు. నిఘంటువులు దీనికి ననురాగ మనియుఁ బరిమళ మనియు రెండర్థముల నిచ్చుచున్నవి. 'వలచు' క్రియ సకర్మకమైనపుడు ప్రేమించుటయు, నకర్మకమైనపుడు పరిమళించుటయు నగును. ఒక శబ్దము గంధమును స్మృతితోఁ గూర్చినది. వేఱొక శబ్దము గంధమును బ్రేమతోఁ గూర్చినది.

ఇది నిఘంటువులలోని యాకస్మిక సంయోగమా, లేక యీ దేశపుఁ బ్రాచీనవాఙ్మయమున నీ మూఁడును నిజముగా నొకచోఁ గూడియున్నవా యను ప్రశ్నకు సమాధానము హాలుని గాథాసప్తశతిలో దొరకును. పూవులఁ గూర్చిన యందలి గాథలు వట్టి వర్ణనలు గావు, మిక్కిలి చిన్నకథలు. వానిలోఁ బ్రేమ యెదుట నున్నపుడు గంధము చెప్పఁబడును, ప్రేమ స్మృతిమాత్రముగా మిగిలినపుడు గంధాభావము చెప్పఁబడును. ఈ రెండంశములను నిరూపించుట యీ వ్యాసమునకు విషయము.

నేఁడు పత్రికలలో మినీకథ, కార్డుకథ యను పేళ్లతో నతిలఘుకథలు వెలువడుచున్నవి. తెలుఁగుకథ యంతయుఁ బాశ్చాత్యులనుండి వచ్చినదే యను మాటయుఁ దఱచుగా వినఁబడును. గురజాడ అప్పారావు 1910వ సంవత్సరమునఁ బ్రకటించిన 'దిద్దుబాటు' వంటి గద్యకథానికారూపమును గూర్చి యా మాట కొంత యొప్పవచ్చును. కాని జరిగినదానినంతయుఁ జెప్పక, యొక్క క్షణమును జూపి, తక్కిన కథను వినువాని యూహకు విడుచు నేర్పు మాత్రము ఎరువు దెచ్చుకొన్నది గాదు. ఏఁబదియేడు మాత్రలలో నా నేర్పుఁ జూపిన కవు లీ దక్షిణాపథమున నుండిరి. గాథ పూర్వార్ధమునకు 30 మాత్రలు, ఉత్తరార్ధమునకు 27 మాత్రలు. అంతకు మించి కథకునకుఁ జోటు లేదు.

గాథాసప్తశతి మాహారాష్ట్రీప్రాకృతమున నున్న సంకలనగ్రంథము. సాతవాహనరాజగు హాలుఁడు దీనికి సంకలనకర్త యని ప్రసిద్ధి. మత్స్యపురాణము ఆంధ్రరాజుల వరుసలో హాలునకు 5 సంవత్సరముల రాజ్యకాలమును జెప్పినది. ఏడవ శతాబ్దమువాఁ డగు బాణుఁడు హర్షచరితారంభమున సాతవాహనుని సుభాషితకోశమును గొనియాడెను. అయినను నేఁడు మనకుఁ గనఁబడు గ్రంథమంతయు నొక్కనాఁటి కూర్పు గాదు. జర్మను పండితుఁ డగు ఆల్బ్రెక్టు వేబరు 1870లోఁ గొంత, 1881లో సమగ్రముగ నీ గ్రంథమును బ్రకటించి, వివిధపాఠములలోని గాథ లన్నియుఁ గూర్పఁగా 964 తేలినవనియు, నన్ని పాఠములకును సమానమైనవి 430 మాత్రమే యనియుఁ జూపెను. 1889లో బొంబాయి కావ్యమాలలో గంగాధరభట్టుని వ్యాఖ్యతో నిది వెలువడిన పిదప మన పండితులకు సులభలభ్య మయ్యెను.

పల్నాటి కీ గ్రంథముతోఁ గల సంబంధము పలుతెఱఁగులది. సాతవాహనుల వెనుక నీ సీమ నేలిన యిక్ష్వాకులకు విజయపురి రాజధాని; నాగార్జునకొండ లోయలో 1926లో బయల్పడిన వారి శాసనములలోఁ బెక్కులు ప్రాకృతభాషలో నున్నవి. గాథలభాషకు దగ్గఱిబంధు వగు భాష యొకనాఁడు పల్నాటి ఱాళ్లమీఁద నిలిచినదే. రెండవది శ్రీనాథుని సంబంధము. పల్నాటివీరచరిత్రమునకుఁ గర్తగాఁ బ్రసిద్ధుఁ డగు నా మహాకవి, తొలియౌవనమున శాలివాహన సప్తశతిని రచించితి నని కాశీఖండావతారికలోఁ జెప్పుకొనెను. ఆ గ్రంథము నేఁడు లభింపదు. మూఁడవది జీవనసాదృశ్యము. వినుకొండసీమలో, నల్లమల వరుసల చేరువ నున్న బొల్లాపల్లి మొదలగు గ్రామములవారికి గాథలలోని లోకము క్రొత్తది గాదు. ప్రత్తిచేను, జనుపచేను, అరక దున్ను కాఁపు, పొయ్యి నూఁదు నిల్లాలు, వేసవి మొదట నడవిలో రాలు నిప్పపూవు, కోడలి రాకపోకలఁ గనిపెట్టు నత్త, వీరే యందలి పాత్రలు. రాజసభలు, రాజాంతఃపురములు నందు మిక్కిలి యరుదు.

గాథ కథ యెట్లగునో మొదట నిర్ణయింపవలెను. ఆలంకారికులు దానిని ముక్తక మనిరి. అనఁగా నొకదానితో నొకటి సంబంధింపక తనంతఁ దాను నిలుచు పద్యము. అయినను వ్యాఖ్యాతలు ప్రతిగాథకు ముందును 'ఎవరు, ఎవరితో, ఏ సందర్భమునఁ బలుకుచున్నారు' అను నవతారికను వ్రాయక తప్పలేదు. ఏలయనఁగా నది లేనిదే గాథ యర్థము గాదు. తొమ్మిదవ శతాబ్దమునఁ గాశ్మీరమున నానందవర్ధనుఁడు ధ్వనికి మొదటి యుదాహరణముగాఁ గైకొనినదియు నీ సంకలనములోని గాథయే. గోదావరీతీరపుఁ బొదరింటికి నిత్యముఁ బూవులు కోయవచ్చు నొక ధార్మికునితో నొక స్త్రీ, 'నిన్ను భయపెట్టిన కుక్కను బొదలలోని సింహము చంపినది, ఇఁక నిశ్చింతగాఁ దిరుగుము' అని పలుకును. పలుకు విధిరూపము, భావము నిషేధము. ఆ పొద యామె సంకేతస్థలము. ధార్మికుఁడు పూవులు కోసికొని పోవుచు దాని మఱుఁగును, నేకాంతమును జెఱచుచున్నాఁడు. ఇంత కథ గాథలో లేదు. కాని యింత కథ లేక గాథ లేదు. చెప్పినదానికంటెఁ జెప్పనిది పెద్ద యగుటయే యీ ప్రక్రియకు లక్షణము.

అట్లని పూవు గనఁబడిన ప్రతిగాథయు స్మృతికథ యనరాదు. ఒక గాథలో విటుఁ డొకఁడు పూవు లమ్ము పడుచును జూచు తమకమునఁ గొనకయే వెల యడుగుచుఁ దిరుగును. ఇట పూవు మిషమాత్రము. దాని గంధము పేరైన నెత్తఁబడలేదు. వేఱొక గాథలో మాలతీకలిక విచ్చుటకు ముందే తొందరపడు తుమ్మెద మందలింపఁబడును. అది యన్యాపదేశము. ఇట్టివానిని బ్రక్కకుఁ దీసి, గంధము గాని గంధాభావము గాని కథకుఁ బ్రాణమైన గాథలనే పరిశీలింపవలెను.

మొదటి శతకములోనిది వంటయింటి కథ. ఇల్లాలు పొయ్యి నూఁదుచున్నది, నిప్పు రాఁజుకొనక పొగయే వచ్చుచున్నది, ఆమె విసుగుకొనుచున్నది. ప్రక్క నున్నవాఁడు, భర్తయే కావచ్చును, 'కోపింపకుము, పాదిరిపూవువలెఁ బరిమళించు నీ ముఖమారుతమును ద్రావుట కాసపడి యగ్ని మండక పొగయుచున్నాఁడు' అని యనును. పచ్చికట్టెల పొగ, కన్నీరు, విసుగు, నింతలో నొక నవ్వు. ఇదియంతయు నొక పూఁట సంసారము. ఇచట గంధ మున్నది, ప్రేమయు నెదుటనే యున్నది. గడచినకాలపుఁ బ్రసక్తి లేదు. వలపు శబ్దమున కున్న రెండర్థములు నిచట నొక్కచోటనే చెల్లినవి.

రెండవ శతకమున నిప్పపూవుల గాథలు రెండు వెంటవెంట నున్నవి. సంకలనకర్త వానిని జేర్చి యుంచుటయే వానిని గథగాఁ జదువుట కాధారము. మొదటిదానిలో నొక స్త్రీ గోదావరీతీరమునఁ బూవుల బరువున కొమ్మలు వంగిన యిప్పచెట్టును వేఁడుకొనుచున్నది: మెల్లమెల్లగా రాల్పుమని. ఇప్పపూవులు రాత్రి విచ్చి వేకువజామున రాలును. గంప చేతఁ బట్టుకొని తెల్లవాఱకముందే యడవికిఁ బోయి యేఱుకొనవలెను. నల్లమలలోఁ జెంచులు మొదలగువారు తరతరములుగాఁ జేయు పని యిది. కావున నిప్పపూఁత యున్నన్నాళ్లు నా స్త్రీకి వేకువ నిల్లు విడుచుట కొక కారణ మున్నది. పూఁత యయిపోయిన నా కారణము పోవును. రెండవ గాథలో నా దినము వచ్చినది. కడపటి పూవుల నామె యేడ్చుచు నేఱుచున్నది, బంధువు చితినుండి యస్థుల నేఱినట్లుగా.

ఈ యుపమానము మొదట వికృతముగాఁ దోఁచును. కాని యిప్పపూవు రూపము నెఱిఁగినవారి కట్లు తోఁపదు. రాలిన యిప్పపూవు తెలుపుపసుపుల మధ్యవన్నె గల చిన్నకండ. ఱేకులు విడివిడిగా నుండవు. నేలమీఁద నక్కడక్కడఁ బడియుండును. వంగి యొక్కొక్కటిగా నేఱుటయు, నస్థిసంచయనమున నొక్కొక్కటిగా నేఱుటయు నొకే చేష్ట. రూపసామ్యము, క్రియాసామ్యము కుదిరిన పిదప శోకసామ్యము దానంతట వచ్చినది. ఇప్పపూవు తీయని వాసన తీవ్రమైనది, ఎండినను వదలదు. అయినను గవి యిట గంధమును బేర్కొనలేదు. ప్రేమ యింకను జావలేదు, కాని దాని ఋతువు ముగిసినది. వంటయింటి గాథకును, రాఁబోవు గాథకును నిది నడిమిమెట్టు.

ఆ మూఁడవగాథ కంటె ముందు వ్యాకరణమున నొక ముచ్చటఁ దలఁపవలసియున్నది. సమర్థసూత్రమున (2-1-1) వృత్తివిచారము చేయుచు మహాభాష్యకారుఁడు, సమాసమునఁ బూర్వపదము స్వార్థమును విడిచినను విశేషణ మెట్లగు నను శంకకు మల్లికాపుటము, చంపకపుట మను దృష్టాంతము నిచ్చెను. దొన్నెలోని మల్లెపూవులు క్రుమ్మరింపఁబడినను, బూర్వసంబంధమువలన నిది మల్లెల దొన్నె యనియు, నిది సంపెఁగల దొన్నె యనియు వ్యవహారము నిలిచియే యుండును. ఈ సంబంధమునకు భాష్యకారుని మాట 'అన్వయము'. పూవు పోయినది, తావి నిలిచినది, తావినిబట్టి పేరు నిలిచినది.

దీనితోఁ బాటు సమాసాంతప్రకరణమునందలి గంధశబ్దవిధిని (5-4-135) గూడఁ జూడవలెను. బహువ్రీహిలో సు, సురభి మొదలగువానికిఁ బరమైన గంధశబ్దమునకు నికార మంతాదేశముగా వచ్చును. కావున 'సుగంధి' పుష్పము. కాని గంధము ద్రవ్యమునుండి విడదీయరానిదిగాఁ దోఁచినపుడే యీ విధి యని వార్తికము. పూవుతోఁ బాటు నీరును గాలియు 'సుగంధి' యనిపించుకొనును. వానియందు గంధము వచ్చి చేరినదే యైనను వేఱుగాఁ దోఁపదు. గంధద్రవ్యముల నమ్ము వర్తకుఁడు మాత్రము 'సుగంధుఁడే' కాని సుగంధి కాఁడు; అతనిది యంగడిలోని సరకు. ఒకనియొద్ద నున్నదానికిని, నొకనిలోఁ గలసినదానికిని వైయాకరణు లొక్క యచ్చుతో భేదముఁ జూపిరి.

ఇపుడు రెండవ శతకమునందే తుదివైపున నున్న గాథఁ గైకొందము. పలుకునది దూతి, వినువాఁడు నాయికను మఱచిన నాయకుఁడు. 'నీవు స్వహస్తమున నిచ్చిన మాలను, వాసన లేనిదే యైనను, ఆమె నేఁటికిని ధరించియున్నది, పాడువడిన నగరమునందలి గృహదేవతవలె' నని యామె విన్నపము. గాథ యింతే. ఇందుఁ గాలక్రమము కూర్పబడిన విధ మాశ్చర్యకరము. ప్రధానక్రియ 'వహించుచున్నది' యను వర్తమానము. గడచిన కథ యంతయు, అనఁగాఁ బరిచయము, వలపు, మాల నిచ్చిన యొకనాఁటి సాయంకాలము, పిదపటి విరహము, 'దత్త' యను నొక్క క్తప్రత్యయాంతమున నిమిడియున్నది. 'నేఁటికిని' అను నవ్యయము రెండింటిని ముడివైచినది. స్మృతి యను మాటయే గాథలో లేదు.

మాలకుఁ గవి వాడిన శబ్దము 'ఓమాలిఅ'. హేమచంద్రుఁడు తన ప్రాకృతవ్యాకరణమున మాల్యశబ్దము పరమగునపుడు నిరుపసర్గమునకు 'ఓ' వికల్పముగా వచ్చునని చెప్పి, నిర్మాల్యమున కోమాల మను రూపము నిచ్చెను. కావున నిది యేదో వాడినదండ మాత్రము గాదు, నిర్మాల్యము. దేవతకు నేఁ డర్పించిన మాల మఱునాఁటి యుదయమునఁ దీసివేయఁబడవలెను. తీసివేసి క్రొత్తది యర్పించువాఁడు పూజారి. మఱి పాడువడిన నగరమున దేవత మెడలో నిర్మాల్య మేల నిలిచియున్నది? తీయువాఁడు లేఁడు గనుక. ఊరు విడిచిపోయినవారు కడపటినాఁడు వేసిన మాల యది. ఈ యర్థము గ్రహించినఁగాని యుపమానము పూర్తిగా విచ్చదు. నాయిక మాలను విడువకుండుట యామె పట్టుదల మాత్రమే గాదు. దానిని మార్చుట కధికారము గలవాఁ డొక్కఁడే, ఆతఁడు రాలేదు. దూతి నిందను నిందగాఁ బలుకలేదు, భక్తునిఁ గోల్పోయిన దేవతను జూపినది.

భాష్యకారుని మల్లికాపుటమున పూవు లేదు, తావి యున్నది. హాలుని గాథలో పూ వున్నది, తావి లేదు. అచట సంబంధమునకు సాక్ష్యము గంధము. ఇచట నా సాక్ష్యము గూడఁ బోయినది; అయినను మాల యతని మాలయే. మఱి యన్వయ మెచట నున్నది? 'స్వహస్తదత్త' యను విశేషణమున నున్నది; ధరించినదాని చిత్తమున నున్నది. తెలుఁగు వాసన నశించి సంస్కృతవాసన మిగిలినదని చెప్పినఁ జమత్కారము కొఱకుఁ జెప్పినట్లుండును గాని యర్థమున దోషము లేదు. గంధమిపుడు మాలకు సంబంధించినది గాదు, నాయికనుండి విడదీయరానిది. వార్తికకారుని నియమమును బట్టి సుగంధి యనఁదగిన దిపు డామెయే.

ఇందుకు నొక యాక్షేపము రావచ్చును. గాథలు విదగ్ధుల వినోదమునకై కల్పింపఁబడినవి. గ్రామీణుల పేరు పెట్టి నాగరకులు వ్రాసినవి. వానిలో నింత గంభీరార్థమును వెదకుట వ్యాఖ్యాతల శ్రమయే యని. నాగరకులు వ్రాసిరను మాట యంగీకారయోగ్యము. ఛందస్సు, ధ్వని, శబ్దసంస్కారము దానికి సాక్షులు. కాని వ్రాసినవాఁడు నాగరకుఁ డగుట కథ యబద్ధ మగుటకుఁ గారణము గాదు. ఇప్పపూవు రాలు వేళ, పొయ్యి పొగ, నిర్మాల్యము తీయు నాచారము, నివి చూచినవానికిఁ గాని తెలియవు. పైగా మూఁడు గాథలలోను గంధమును జెప్పుటయందుఁ గాని, చెప్పకుండుటయందుఁ గాని పాటింపఁబడిన యౌచిత్యము సంకలనకర్త యభిరుచికిఁ బ్రమాణము.

పాడువడిన నగరమను మాట పల్నాటివారికి నలంకారమాత్రము గాదు. విజయపురి యిక్ష్వాకుల వెనుకఁ బాడువడినది. ఆ లోయలో దొరకిన శిలలలో ఛాయాస్తంభములు గలవు. అనఁగా మృతుల స్మృతికై నిలిపినవి. వానిలో నొకటి వాసిష్ఠీపుత్ర చాంతమూలునికై యాతని తల్లులు, తోఁబుట్టువులు, రాణులు మొదలగు స్త్రీలు నిలిపినది. హారీతీదేవి మందిరమును నచట బయల్పడినది. భక్తులు పోయి దేవత మిగిలిన నగరమున కింతకంటె నిదర్శన ముండదు. 1954 మొదలు 1960 వఱకు నచటఁ బెద్దత్రవ్వకములు జరిగెను. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము నిండఁగా నా లోయ జలమయ మయ్యెను. ముఖ్యశిల్పములు కొండమీఁది ప్రదర్శనశాలకుఁ జేర్పఁబడినవి. హాలుని గాథ విజయపురిని గూర్చినది కాదు. అట్లు చెప్పుటకు నాధారము లేదు. కాని గాథ కవతారిక చెప్పు పల్నాటి యుపాధ్యాయుఁడు విద్యార్థికి నుత్సన్ననగర మను శబ్దమును వివరింప దూరదేశముల వెదకఁ బనిలేదు.

శ్రీనాథుని సప్తశతి విషయమునఁ దెలుఁగువారి స్థితి భాష్యకారుని దొన్నెవంటిది. పూవులు లేవు, పేరు నిలిచినది. ఆధునికకాలమున రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గాథలను దెలుఁగుపద్యములలోనికిఁ దెచ్చి యా కొఱఁతను గొంత తీర్చిరి. అయినను బాఠశాలలలో గాథాసప్తశతి పేరు సాతవాహనచరిత్రపాఠమున నొక వాక్యముగాఁ జెప్పఁబడుటయే కాని, గాథ యొక్కటియైనఁ జదివింపఁబడుట యరుదు. శృంగారగ్రంథమను శంక దీనికి ముఖ్యకారణము. సంకలనములోఁ బిల్లలకుఁ దగనివి పెక్కులుండుట నిజమే. కాని పొయ్యి యూఁదు నిల్లాలి కథయు, నిర్మాల్యమును ధరించినదాని కథయు నట్టివి గావు. ఈ రెంటిని మూలముతోఁ జదివించి, పలుకువా రెవరు, వినువా రెవరు, ముందేమి జరిగెనని యవతారికను విద్యార్థిచేతనే వ్రాయించినచో, ప్రాకృతపరిచయము, వ్యాకరణము, కథాపరిజ్ఞానము నొక్క పాఠమునఁ గూడివచ్చును. ఏఁబదియేడు మాత్రల గాథకు విద్యార్థి వ్రాయు నవతారిక రెండు పుటలైనను గావచ్చును. ఆ రెండు పుటలును గవి చెప్పక విడిచినవే.